బొట్లు పెట్టిన ఫ్యూజు పెట్టె

మొన్న సాయంత్రం కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక ఆటో ఎక్కాను. దాన్ని ఆటో అనాలో, జాతరలో రంగులరాట్నం అనాలో తెలియలేదు. డ్రైవరు నెత్తి మీద రంగుబల్బుల దండ, వెనక అద్దం చుట్టూ ఇంకో దండ, నా వీపుకు రెండు వైపులా రెండు స్పీకర్లు, తప్పిపోయిన మేకపిల్లలా అరిచే ఒక హారను. కోర్టు దాకా పోయామో లేదో పాట ఆగింది. బల్బులు ఆరాయి. ముందు దీపం ఆరింది. హారను మూగబోయింది. అన్నీ ఒకేసారి, అందరూ కూడబలుక్కున్నట్టు.

డ్రైవరుకు ఏ ఫికరూ లేదు. బండి పక్కకు ఆపి, జేబులోంచి ఖాళీ సిగరెట్టు డబ్బా తీసి, లోపలి వెండి కాగితం చింపి వేళ్ళ మధ్య మెలితిప్పడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్?" అన్నాను.

"ఫ్యూజు కొట్టింది మేడం. ఇగో, రెండే నిమిషాలు."

"అది ఫ్యూజా, సిగరెట్టు కాగితమా?"

"ఏదైతేంది మేడం? కరెంటు పారుడే గద కావల్సింది."

"పారుతది నాయినా, మంచిగ పారుతది. ఆపాల్సిన కాడ ఆపదు. నీ తీగలు కాల్తయి, నీ బండి కాల్తది, దాంతోని నేను కాల్త. గిన్ని హంగులకు ఒక్కటే ఫ్యూజు పెట్టుమని నీకు ఎవలు చెప్పిండ్రు?"

అతను నా వైపు అనుమానంగా చూశాడు. "మేడం, మీరు కరెంటాఫీసుల జేస్తరా?"

"కాదు. మా అత్తకు మేనకోడల్ని."

ఆ జవాబు అతనికి ఏమీ అర్థమై ఉండదు. కానీ అంతకన్నా సరైన జవాబు నా దగ్గర లేదు. మరునాడు అతన్ని వెంటబెట్టుకుని పోయి, దగ్గరుండి అతని ఆటోకు ఒక ఫ్యూజు బోర్డు పెట్టించేదాకా ఊరుకోలేదు. అతను గొణిగాడు. నేను వినలేదు. మా అత్తయినా వినేది కాదు.

ఆమె మా బాపుకు, అంటే మా నాన్నకు, అక్క. పెద్దపల్లి పక్క ఊళ్ళో ఇచ్చారు. ఆ ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు గోడలు చూసి నోరు తెరిచేవారు. గోడల నిండా మేకులే. చేద తాడుకు ఒక మేకు, చాటకు ఒక మేకు, లాంతరుకు ఒకటి, గొడుగుకు ఒకటి, కళ్ళద్దాల సంచికి ఒకటి. ఒక మేకుకు రెండు వస్తువులు తగిలించడం ఆమె సహించేది కాదు. ఎవరైనా తెలియక చాట మీద జల్లెడ తగిలిస్తే, వాళ్ళ ముందే జల్లెడ తీసి వాళ్ళ చేతికి ఇచ్చి, సుత్తె కూడా ఇచ్చేది.

"గోడ పాడైతదే అక్కా" అని మా బాపు అంటే, "గోడ నాది. ఒక్క మేకు ఊడితే సంసారమంత కింద పడాల్నా?" అనేది.

వాదన పెట్టుకునే ముందు ఆమె ఒక పని చేసేది. కళ్ళద్దాలు తీసి, కొంగుతో నిదానంగా తుడిచి, మళ్ళీ పెట్టుకుని, తల కొంచెం ముందుకు వంచి ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసేది. తెలివైనవాళ్ళు ఆ తుడిచే సమయంలోనే పని ఉందని లేచిపోయేవారు. నేను లేచేదాన్ని కాదు. నేను కరీంనగర్‌లో బియస్సీ చదువుతున్న రోజులవి, నోరు ఊరుకునే వయసు కాదు. ఇద్దరం ఉప్పు దగ్గర కూడా పోట్లాడుకునేవాళ్ళం. అందుకే సెలవులు వస్తే నేను ఇంటికి కాక ముందు ఆమె దగ్గరికి పోయేదాన్ని.

మామ అప్పటికి లేడు. పోయింది ఆయన ఒక్కడే అయినా, చుట్టాలంతా చేరి ఆమె గాజులు, పూలు, బొట్టు తీసేశారు. వాటితోపాటు పాట వినడం, గట్టిగా నవ్వడం, బండిలో ముందు కూర్చోవడం, నలుగురిలో మాట్లాడడం కూడా తీసేశామనే అనుకున్నారు. ఆమె ఏడాది తిరక్కుండానే ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చేసుకున్నది. బొట్టు ఒక్కటే మిగిలింది. దాని గురించి నేను కొట్లాడితే, "ఉండవే కోడలా. దానికి గూడ ఒక దినం రాకపోదు" అని కొట్టిపారేసేది. నాకు ఆ మాట పిరికితనంగా తోచేది. ఆ మాటే మొహం మీద అనేదాన్ని కూడా.

ఇట్లా ఉండగా ఆమె ఒక పాత జీపు కొన్నది. భైంసాలో ఒక పత్తి వ్యాపారి దగ్గర. పెళ్ళి ఊరేగింపులకు తిప్పడానికి. మైకుతో, రంగుబల్బులతో, పెళ్ళికూతురికి ఫ్యానుతో. ఆ చుట్టుపక్కల అప్పటికి అట్లాంటి బండి లేదు.

జీపు వాకిట్లో ఆగిందో లేదో ఆమె మరిది వచ్చి నిలబడ్డాడు. మామకు తమ్ముడు. ఇస్త్రీ ధోవతి మడత చెడకుండా నడవడమే ఆయన జీవితంలో పెద్ద పని.

"వదినె, నీకేమన్న పిచ్చి లేసిందా? మొగడు సచ్చినామె బండ్ల పెండ్లిపిల్లను ఎవలు ఎక్కిస్తరు?"

అత్త కళ్ళద్దాలు తీసింది. తుడిచింది. పెట్టుకున్నది.

"బండికి మొగడు సచ్చిండా మరిదీ?"

అత్త జీపుకు పెట్టుకున్న డ్రైవరు పోశం నవ్వు ఆపుకోలేక జీపు వెనక్కి పోయాడు. ఆ నవ్వే ఆయనకు ఎక్కువ మండించింది. వాకిట్లోనే, అందరూ వింటుండగా పందెం వేశాడు. పెద్దపల్లిలో రైసు మిల్లు వాళ్ళ బిడ్డ పెళ్ళి దగ్గరికొచ్చింది. ఆ బరాత్‌లో, అంటే పెళ్ళి ఊరేగింపులో, ఈ జీపు ఒక్కసారి ఆగినా, దీపాలన్నీ ఆరినా, అత్త తాళంచెవి ఆయన చేతిలో పెట్టి ఇంట్లో కూర్చోవాలి.

"ఆగకపోతే?" అన్నది అత్త.

"ఆగకపోతే ఇగ నీ ముచ్చటల నేను నోరు పెట్ట. నువ్వేం జేసినా సరే, ఎందుకని అడగ."

"ఏం జేసినానా?"

"ఏం జేసినా."

"కోడలా, విన్నవ్ గద?" అన్నది నాతో. విన్నాను.

ఆ రోజే ఆమె జీపు స్టీరింగు కింద తల పెట్టి చూసింది. నన్నూ చూడమన్నది. తీగలన్నీ ఒకే ముడిగా, పాముల బుట్టలా ఉన్నాయి. మధ్యలో ఒకే ఒక ఫ్యూజు, దాని చుట్టూ అదే సిగరెట్టు వెండి కాగితం. పైన రేకు అరచేయంత మేర నల్లగా కాలి ఉంది. ఇక సీట్ల సందుల్లో, తీగల మధ్య, ఎక్కడ చెయ్యి పెట్టినా పత్తి. భైంసా పత్తి.

"దూదిల నిప్పు పెట్టుకోని తిరిగిండు పిచ్చోడు" అన్నది. "నడువు, కరీంనగర్ పోదాం."

కరీంనగర్‌లో బండ్లకు వైరింగు చేసే ఉస్తాదు దుకాణం. ఆయన గొంతు వీధి చివరికి వినబడేది. మూడు తాలూకాల్లో తన చేయి పడని బండి లేదని వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఎవరూ రాకపోతే ఎదురు దుకాణం వాడికి చెప్పేవాడు. అత్త విషయం చెప్పగానే బల్ల మీద మూడు బోర్డులు పరిచాడు. ఒకటి పాత లారీది, నాలుగు ఫ్యూజులది. ఇంకొకటి తళతళలాడే కొత్తది, ఎనిమిదింటిది, మూత లేదు. మూడోది బస్సులకు పెట్టే నల్లటి పెద్ద పెట్టె. పది గాజు ఫ్యూజులు, పైన మూత.

"గీ నాలుగుది చాలమ్మా" అన్నాడు ఉస్తాదు. "లైట్లన్ని ఒకదానికి, మైకు ఫ్యాను ఒకదానికి, హారను ఒకదానికి. ఇంకోటి ఖాళీ. ఖల్లాస్."

"లైట్లన్ని ఒకదానికా? ఎడమ దిక్కు దండ కాలితె పెండ్లిపిల్ల మొఖం మీది దీపం గూడ పోవాల్నా? ఆ పిల్ల ఏం పాపం జేసింది?"

"అరె, కాలదమ్మా! నా వైరింగు కాలుడు ఎప్పుడన్న విన్నవా?"

"కాలకపోతే ఇగ ఫ్యూజెందుకు? గా నాలుగు గూడ పీకి పారేయ్."

ఉస్తాదు "యా అల్లా, గీమె వకీలా?" అని నన్ను అడిగాడు.

"జర విను ఉస్తాదు" అన్నది అత్త, గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గితేనే భయం. "ఒకటి పోతే ఒకటే పోవాలె. మిగిలినయన్ని ఎలగాలె. నాకు గంతే గావాలె."

అట్లా లారీ బోర్డు పోయింది. తళతళలాడేది ఉస్తాదు ఎంత తిప్పి చూపించినా ఆమె దాన్ని వేలితో కూడా ముట్టలేదు. మూత లేదు, దుమ్ము పడుతుంది, బరాత్‌లో చల్లే పన్నీరు పడుతుంది. పైగా దాంట్లో పింగాణీ ఫ్యూజులు. పోయిందీ లేనిదీ పట్టి పట్టి చూడాలి. గాజుదైతే లోపలి తీగ తెగింది కంటికి కనబడుతుంది. "సచ్చిందా బతికిందా అని నాడి పట్టి సూసుకుంట కూసోవాల్నా నేను?" అన్నది. నల్ల పెట్టెనే ముందుకు లాక్కున్నది. మేము లెక్క వేసిన హంగులు ఎనిమిది. పదింటిలో రెండు ఖాళీగా ఉండాల్సిందేనన్నది. రేపు ఏ పెళ్ళికూతురు ఏం అడుగుతుందో ఎవరికి తెలుసు?

అప్పుడు నేను నోరు విప్పాను. "అత్తా, పెట్టెల పది పెట్టు, ఇరవై పెట్టు. బ్యాటరీకెల్లి పెట్టె దాంక వచ్చే తీగ ఒక్కటే గద. అదే రాసుకోని బాడీకి తగిల్తే నీ పది ఫ్యూజులు సూసుకుంట కూసుంటయి."

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళద్దాలు తీయలేదు. నా మాట మీద ఆమె కళ్ళద్దాలు తీయకపోవడం అదే మొదటిసారి.

"మరేం జేద్దాం?"

"బ్యాటరీ పక్కనే ఇంకో పెద్ద ఫ్యూజు. ఆడికెల్లి మందపు తీగ, దానికి రబ్బరు గొట్టం. దీపాలకు, మైకుకు ఇంకో బ్యాటరీ. జీపు డైనమో గిన్నిటిని మొయ్యది."

"గదే నేను చెప్పబోయిన!" అన్నాడు ఉస్తాదు.

"చెప్పబోయినవ్. చెప్పలే" అన్నది అత్త. అంతలోనే చాయ్ తెప్పించమని ఆయన్నే అడిగింది. చాయ్ సాసరులో పోసుకుని తాగుతూ ముగ్గురం ఇంకో జగడం పెట్టుకున్నాం, పెట్టె ఎక్కడ బిగించాలని. ఉస్తాదు బానెట్ కింద అన్నాడు, లోకమంతా అక్కడే పెడుతుందని. ఆమె ఒప్పుకోలేదు. "పెండ్లి బండి బానెట్ మీద పూలజాలి కడ్తరు. నడిమిట్ల ఫ్యూజు పోతె పూలు తెంపి బానెట్ లేపుమంటవా?" ఉస్తాదు కాసేపు బానెట్ వైపు చూసి, నవ్వి, ఓడిపోయానని చేతులెత్తాడు. ముందు సీటు దగ్గర, ఎడమ వైపు, మెట్టు మీద నిలబడితే చేతికందే చోట బిగించాడు. వైరింగు మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశాడు. అత్త పెడదామనే చూసింది, దొరకలేదు.

పెట్టె మీద ఏ ఫ్యూజు దేనిదో ఇంగ్లీషులో రాస్తానన్నాడు ఉస్తాదు. అత్తకూ రాదు, పోశంకూ రాదు. ఇంటికొచ్చాక ఆమె చిన్న చిన్న గిన్నెల్లో వార్నీషు పోసింది. ఒకదాంట్లో కుంకుమ, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో సున్నం, ఒకదాంట్లో కాటుక కలిపింది. అగ్గిపుల్లతో ఒక్కో ఫ్యూజు కింద ఒక్కో చుక్క. ముందు దీపాలకు సున్నం. మైకుకు పసుపు. హారనుకు కాటుక. ఎడమ దండకు రెండు పసుపు చుక్కలు, కుడి దండకు రెండు సున్నం చుక్కలు. పెళ్ళికూతురి మొహం మీది దీపానికి ఒక్కటే, గుండ్రంగా, నిండుగా కుంకుమ బొట్టు.

ఆ ఒక్కటి పెట్టడానికి ఆమె చాలాసేపు తీసుకున్నది. నేను చూస్తున్నానని తెలిసి, "ఏం జూస్తున్నవే? చెయ్యి వణికితే వంకర పోతది" అని కసురుకున్నది.

పెళ్ళి రోజు పొద్దున పెళ్ళికూతురి తల్లి వచ్చింది. కూర్చోలేదు. "అక్కా, తప్పు పట్టుకోకు. బండి పంపు. నువ్వు మాత్రం జర ఎనక ఉండు. పెద్దోళ్ళు ఏమన్న అంటరు" అన్నది. నేను లేవబోతే అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "సరే. ఎనకనే ఉంట" అన్నది.

బరాత్ పొద్దు గూకే వేళకు బయలుదేరింది. జీపును చూడడానికే జనం మేడలెక్కారు. పూలజాలి కింద బానెట్ కనబడటం లేదు. రెండు వైపులా రంగుబల్బులు, మైకులో సన్నాయి, వెనక ఎత్తు సీటు మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఆ పిల్ల మొహం మీద మెత్తటి వెలుగు. దాని వెనక ఇంకో జీపు. మరిది పట్టుబట్టి కరీంనగర్ నుంచి పిలిపించాడు, మగపెళ్ళి పెద్దలకని. దానికీ బల్బులు కట్టించాడు, ముందు సీట్లో తానే కూర్చున్నాడు. దాని తీగల ముడి ఎట్లా ఉందో నేను బయలుదేరే ముందే వంగి చూశాను. సిగరెట్టు కాగితం నిగనిగలాడుతోంది. అత్తకు చెప్పాను. ఆమె పోయి ఆ డ్రైవరుకు చెప్పింది కూడా. "ఆడోళ్ళకెందుకమ్మా గీ ముచ్చట" అన్నాడు వాడు. ఇద్దరం జనం వెనక నడిచాం.

బియ్యం బజారులో సందు ఇరుకు. ఒక దుకాణం రేకు కప్పు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. పోశం ఎంత జాగ్రత్తగా తిప్పినా రేకు అంచు ఎడమ దండను గీరింది. టప్పుమన్నది. ఆ వైపు బల్బులన్నీ ఆరిపోయాయి.

"ఆగింది! ఆగింది!" అని వెనక జీపులోంచి మరిది గొంతు.

ఆగలేదు. కానీ పోశం భయపడి బ్రేకు మీద కాలు పెడుతున్నాడు. ఆగితే పందెం పోయినట్టే. నా పక్కన అత్త లేదు. చూసేసరికి ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, బ్యాండు వాళ్ళ మధ్య నుంచి, పెళ్ళికూతురి పక్క నుంచి, ఎవరి ఎదురుగా రావద్దన్నారో సరిగ్గా వాళ్ళందరి ఎదురుగా పరుగెత్తుతోంది. కదులుతున్న జీపు మెట్టు మీదికి ఎక్కింది. పెట్టె మూత తెరిచింది. రెండు పసుపు చుక్కల పైన గాజు నల్లబడింది. మిగిలినవన్నీ తెల్లగా ఉన్నాయి.

"పోశం, ఆపకు!" అని అరిచింది. సన్నాయిని దాటి వినబడింది ఆ గొంతు. "ఒకటి పోయింది. ఒకటే పోయింది. నడుపు!"

జీపు నడిచింది. సన్నాయి మోగుతూనే ఉంది, కుడి దండ వెలుగుతూనే ఉంది, పెళ్ళికూతురి మొహం మీద దీపం కనురెప్ప కూడా వేయలేదు.

మరిది జీపు అదే మలుపుకు వచ్చింది. అదే రేకు. ఈసారి టప్పుమనలేదు. సిగరెట్టు కాగితం తెగదు కదా. ముందు వాసన వచ్చింది, కాలిన రబ్బరుది. తర్వాత స్టీరింగు కింది నుంచి పొగ. బల్బులు, ముందు దీపాలు, హారను, చివరికి ఇంజను, అన్నీ పోయాయి. డ్రైవరు దూకి బ్యాటరీ తీగ పీకేశాడు. పెద్దలంతా ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు, మరిది ధోవతి మడత తప్ప. చీకటి సందులో జీపును వదిలేసి, మసి పట్టిన ధోవతితో, మా అత్త జీపు దీపాల వెలుగులో ఆయన పెళ్ళింటి దాకా నడిచాడు. ఆమె మెట్టు మీద నిలబడే ఉంది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. నేను చూశాను. తనివితీరా చూశాను.

పెళ్ళింటి ముందు జంటకు ఎర్రనీళ్ళు తిప్పారు. పెళ్ళికూతురి తల్లి కుంకుమ భరిణె తెచ్చి బండికి బొట్టు పెట్టబోయింది. పూలజాలి అడ్డం. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, పైనుంచి పెళ్ళికూతురే అన్నది: "అమ్మా, ఆ పెట్టెకు పెట్టు. ఇందాక మూత తీస్తే జూసిన, దాంట్ల ముందే బొట్లున్నయి."

తల్లి వచ్చి మూత మీద బొట్టు పెట్టింది. పక్కనే అత్త. కుంకుమ అంటిన వేలు గాలిలోనే ఆగింది. వెనక్కి తీసుకోలేదు, ముందుకు రాలేదు.

అత్త కళ్ళద్దాలు తీసింది. కొంగుతో నిదానంగా తుడిచింది. పెట్టుకున్నది. తల కొంచెం ముందుకు వంచి ఆమె కళ్ళలోకి చూసింది. నేను వాదన కోసం ఎదురుచూశాను. అత్త వంచిన నొసలు అట్లాగే ఉంచింది.

పెళ్ళికూతురి తల్లి బొట్టు పెట్టింది. గుండ్రంగా, నిండుగా.

తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ జీపు తిరిగింది. జైనూర్ దాకా పోయి పెళ్ళిళ్ళు చేసి వచ్చింది. ఖాళీగా ఉంచిన రెండు ఫ్యూజుల్లో ఒకటి టేపురికార్డరుకు పోయింది. రెండోది చివరిదాకా ఖాళీగానే ఉండాలని అత్త పట్టుబట్టింది. ఆ బొట్టు ఆమె నొసట ఆమె పోయిన రోజు కూడా ఉంది. చెరపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నేను పక్కనే ఉన్నాను కదా.

బరాత్ మరునాటి పొద్దున మాత్రం నాకు ఎప్పటికీ నిన్నటిలాగే ఉంటుంది. అత్త వాకిట్లో నిలబడి ఎడమ దండకు కొత్త ఫ్యూజు వేస్తోంది. మరిది గేటు దగ్గరికి వచ్చాడు. ఆమె నొసలు చూశాడు. నోరు తెరిచాడు. ఏం చేసినా అడగనన్న మాట గుర్తొచ్చి మూశాడు. కానీ కళ్ళు అక్కడే ఉండిపోయాయి.

ఆమె తాళంచెవి పైకి ఎగరేసి పట్టుకున్నది.

"ఏం జూస్తున్నవ్ మరిదీ? ఒకటి పోయింది. ఒకటే పోయింది."